షంట్ మొరాయిస్తే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తలలో నీరు చేరినప్పుడు వేసే షంట్ పైపు గురించే. మెదడు గదుల్లోని నీటిని చర్మం కింద నుంచి పొట్టలోకి దింపే ఆ సన్నని పైపు మూసుకుపోతే, తెగితే, చీము పడితే ఏం చేస్తారన్నది అందరి ప్రశ్న.

ప్రశ్న: మా బాబుకు నాలుగేండ్లు. ఐదో నెలల షంట్ వేసిండ్రు. రెండేండ్లప్పుడు మూసుకుపోతే ఒకసారి మార్చిండ్రు. ఇప్పుడు మళ్ల పొద్దున లేవంగనే వాంతులు, పగలంత మబ్బుగ పండుకుంటుండు. స్కాన్ చూసి మళ్ల ఆపరేషన్ అన్నరు. మొదటి ఆపరేషన్ సరిగ చెయ్యలేదా? పైపు మొత్తం తీసి కొత్తది వేస్తరా? (ఒక తల్లి, పరకాల)

జవాబు: అమ్మా, ముందుగా ఇప్పటి ఆపరేషన్ సంగతి. రేపు, ఎల్లుండి అని జరపకండి. పొద్దున వాంతి, పగటి మగత రెండూ కలిసి వచ్చాయంటే తలలో ఒత్తిడి పెరుగుతోందని అర్థం. వాంతులకు ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించి ఇంట్లో పండబెట్టడం ఇలాంటి పిల్లల విషయంలో ప్రాణాంతకం. పిలిస్తే సరిగా పలకకపోయినా, కళ్లు కిందికి దిగిపోయినట్టు కనిపించినా, కొత్తగా మెల్లకన్ను వచ్చినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇంత తొందర ఎందుకంటే మెదడు నీరు ఊరడం ఆగదు. పెద్దవాళ్లలో గంటకు సుమారు 20 మి.లీ., రోజుకు దాదాపు అర లీటరు ఊరుతుంది. తలలో, వెన్నులో కలిపి ఒక సమయంలో నిలవ ఉండేది 150 మి.లీ. మాత్రమే. అంటే ఉన్న నీరంతా రోజుకు మూడుసార్లకు పైగా మారుతుంది. పోయే దారి మూసుకుంటే పరిస్థితి విషమించడానికి కొందరు పిల్లలకు రోజులు పడుతుంది, కొందరికి గంటలే. మీ బాబు ఏ రకమో ముందుగా ఎవరూ చెప్పలేరు.

మొదటి ఆపరేషన్ సరిగా చేయలేదా అన్నారు. షంట్‌లో నీరు ఎంత ఒత్తిడికి పోవాలో అదుపు చేసే భాగాన్ని వాల్వు అంటారు. పిల్లలకు వేసే మూడు రకాల వాల్వులను పోల్చిన పెద్ద పరిశోధన 1998లో వెలువడింది. ఏడాది తిరిగేసరికి మళ్లీ ఆపరేషన్ అక్కర్లేకుండా పనిచేస్తున్నవి 61 శాతం, రెండేళ్లకు 47 శాతం. ఏ రకమూ మిగతావాటి కంటే మెరుగని తేలలేదు. మన దగ్గర చాలామందికి వేసే ఛాబ్రా షంట్ తక్కువ ధరది కాబట్టే చెడిపోతోందని కొందరు బాధపడుతుంటారు. ఉగాండాలో 195 మంది పిల్లల మీద దాన్ని ఖరీదైన వాల్వుతో పోల్చి చూశారు. 2005లో వెలువడిన ఆ ఫలితాల్లో ఏడాది తర్వాత తేడా కనిపించలేదు. రెండేళ్లకోసారి చెడింది కాబట్టి ఎవరో తప్పు చేశారనుకోవద్దు. అది పెరిగే పిల్లవాడి ఒంట్లో పెట్టిన యంత్రం. ఇప్పుడు వాడే సిలికాన్ వాల్వులకు మూలం కూడా ఒక తండ్రి ఆరాటమే. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జాన్ హోల్టర్ అనే మెకానిక్ తన కొడుకు కోసం 1956లో అలాంటి వాల్వు తయారు చేశాడు.

ఇక పైపు మొత్తం మారుస్తారా అన్న ప్రశ్న. షంట్‌లో మూడు భాగాలు: మెదడు గదిలో ఉండే పై గొట్టం, చెవి వెనకో నెత్తి మీదో చర్మం కింద ఉండే వాల్వు, అక్కడి నుంచి పొట్టలోకి దిగే పొడుగు గొట్టం. చీము లేకపోతే చెడిన భాగాన్నే మారుస్తారు. పిల్లల్లో ఎక్కువగా మూసుకునేది పై గొట్టం. దాని కొసన చిన్న చిన్న రంధ్రాలుంటాయి. నీటిని తయారుచేసే కోరాయిడ్ ప్లెక్సస్ అనే రక్తనాళాల గుత్తి వాటిలోకి అల్లుకుపోతుంది. క్షయ వల్ల మెదడు పొరల జ్వరం వచ్చినవాళ్లలో నీరు చిక్కగా, ప్రోటీన్ ఎక్కువగా ఉండి వాల్వు కూడా మూసుకోవచ్చు.

ఎక్కడ చెడిందో కొంత ఎక్స్‌రేలలో తెలుస్తుంది. తల, మెడ, ఛాతీ, పొట్ట వరుసగా తీస్తే గొట్టం తెగిందా, ఊడిందా, పొట్టలోంచి పైకి వచ్చేసిందా కనబడుతుంది. మెడ దగ్గర గొట్టం చుట్టూ సున్నం పేరుకుని బిగుసుకుంటుంది. పిల్లవాడు పొడుగవుతుంటే లాగుడు పడి అక్కడే తెగుతుంది. మిగతాది ఆపరేషన్ బల్ల మీదే తేలుతుంది.

బాబును వెల్లకిలా పడుకోబెట్టి, తలను షంట్ లేని వైపు తిప్పి, నెత్తి నుంచి పొట్ట దాకా మొత్తం మందు పూసి సిద్ధం చేస్తారు. ఏ చివర తెరవాల్సి వస్తుందో ముందే తెలియదు కదా. కోత పెట్టే ముందు గంటలోపు యాంటీబయాటిక్ రక్తంలోకి వెళ్లాలి. పాత మచ్చ తెరిచాక లోపలి పొరల్ని కాటరీతో, అంటే కరెంటు వేడితో కోసే పరికరంతో, విడదీస్తారు. కత్తి మొన తగిలితే సిలికాన్ తెగుతుంది, కాటరీకి తెగదు. తర్వాత వాల్వు నుంచి పై గొట్టాన్ని ఊడదీసి చూస్తారు. నీరు ధారగా వస్తే పై గొట్టం బాగున్నట్టే. అప్పుడు వాల్వు మూతికి మానోమీటర్ అనే గాజు గొట్టం తగిలించి సెలైన్ పోస్తారు. నీటి మట్టం దిగుతూ వచ్చి వాల్వు ఒత్తిడి దగ్గర ఆగాలి. దిగకపోతే వాల్వును కూడా తీసి, కింది గొట్టాన్ని విడిగా పరీక్షిస్తారు. అప్పుడూ దిగకపోతే అడ్డం పొట్టలో ఉన్నట్టు. దిగితే మార్చాల్సింది వాల్వునే.

పై గొట్టంలోంచి నీరు రాకపోయినా, బొట్లు బొట్లుగా వచ్చినా దాన్ని మార్చాలి. సర్జన్ చేతికి అసలు పరీక్ష ఇక్కడే. రక్తనాళాల గుత్తి గొట్టాన్ని పట్టుకుని ఉంటే గట్టిగా లాగకూడదు. లాగితే గుత్తి చిరిగి మెదడు గదిలో రక్తం పోతుంది. మెల్లగా తిప్పి చూస్తారు. రాకపోతే గొట్టం లోపలికి లోహపు తీగ దింపి, తక్కువ శక్తితో కరెంటు తాకించి పట్టు వదిలిస్తారు. అప్పటికీ రాకపోతే దాన్ని అక్కడే వదిలేసి పక్కన కొత్త గొట్టం వేయడమే క్షేమం. కాబట్టి తర్వాతి స్కాన్‌లో రెండు గొట్టాలు కనబడితే కంగారు పడకండి. కొత్త గొట్టం పెట్టాక అతుకుల్ని పట్టుదారంతో కట్టి, పొట్ట వైపు కొసన బొట్లు పడుతున్నాయో లేదో కళ్లారా చూసుకుని కోత మూస్తారు. కింది గొట్టం కూడా మార్చాల్సి వస్తే పొట్టలో 20 నుంచి 30 సెంటీమీటర్లు అదనంగా వదులుతారు, పిల్లవాడి ఎదుగుదల కోసం.

ఇంటికి వెళ్లే ముందు డిశ్చార్జి కాగితంలో నాలుగు సంగతులు రాయించుకోండి: షంట్ పేరు, వాల్వు ఒత్తిడి రకం, ఏ వైపు వేశారు, ఏ భాగం ఎందుకు మార్చారు. రెండు మూడు నెలలయ్యాక, బాబు బాగున్నప్పుడు, ఒక స్కాన్ తీయించి ఫైల్లో పెట్టుకోండి. కొందరు పిల్లల్లో షంట్ మూసుకున్నా మెదడు గదులు పెద్దగా ఉబ్బవు. బాగున్నప్పటి స్కాన్ పక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. అర్ధరాత్రి వరంగల్ నుంచి హైదరాబాద్ పంపాల్సి వస్తే, అక్కడి డ్యూటీ డాక్టర్ ముందుగా అడిగేది ఆ ఫైలే.

ప్రశ్న: పాపకు పదకొండు నెలలు. షంట్ వేసి మూడు వారాలైంది. జ్వరం వస్తున్నది, మెడ నుంచి రొమ్ము దాకా పైపు పొడుగునా ఎర్రబడింది. మొత్తం తీసేసి రెండు వారాలు బయట సంచి పెడతామంటున్నారు. యాంటీబయాటిక్‌లతో తగ్గదా? (జమ్మికుంట)

జవాబు: మీ డాక్టర్లు చెప్పింది సరైన దారి. బాధగా ఉంటుంది, కానీ ఒప్పుకోండి. మూసుకుపోయిన షంట్‌కు ఒక భాగం మారిస్తే సరిపోతుంది. చీము పట్టిన షంట్‌లో ఏ ముక్కా మిగల్చకూడదు. క్రిములు సిలికాన్ మీద జిగురు పొర కట్టుకుని దాని కింద దాక్కుంటాయి. రక్తంలోకి ఎంత మందు ఎక్కించినా అక్కడికి చాలినంత చేరదు. జ్వరం తగ్గినట్టే తగ్గి, మందు ఆపగానే తిరగబెడుతుంది. 2002లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం షంట్ తీసేసి, కొన్నాళ్లు బయటికి నీరు పోనిచ్చి, తర్వాత కొత్తది వేస్తే నయమయ్యేది 88 శాతం. తీసిన వెంటనే కొత్తది వేస్తే 64 శాతం. మందులతోనే నెట్టుకొస్తే 34 శాతం.

మూడో వారంలోనే ఎలా వచ్చిందంటే, షంట్ చీము చాలావరకు ఆపరేషన్ అయిన రెండు నెలల్లోనే బయటపడుతుంది. ఎక్కువసార్లు కారణం చర్మం మీద మామూలుగా ఉండే క్రిములే. అందుకే చేతికి రెండు జతల గ్లోవ్స్, పైపును చేత్తో తక్కువగా తాకడం, గదిలో తక్కువ మంది అనే నియమాలు. యాంటీబయాటిక్ పట్టించిన గొట్టాలు కూడా ఉన్నాయి. బ్రిటన్, ఐర్లండ్‌లలో 1605 మంది మీద చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో మామూలు గొట్టాలకు చీము 6 శాతం, యాంటీబయాటిక్ గొట్టాలకు 2 శాతం. రెండోసారి వేసేటప్పుడు అవి దొరుకుతాయా అని అడగండి.

బయటి సంచిని ఈవీడీ అంటారు. వార్డులో మీ కళ్లు ఉండాల్సింది దీని మీదే. సంచి తగిలించిన స్కేలు మీద సున్నా గీత పాప చెవి రంధ్రం ఎత్తులో ఉండాలి. నీరు ఎంత ఎత్తుకు చేరితే సంచిలోకి పోవాలో డాక్టరు రాస్తారు. మంచం లేపినా, పాపను ఒళ్లోకి తీసుకున్నా ఆ ఎత్తు మారిపోతుంది. సంచి కిందికి పోతే నీరు ఒక్కసారిగా లాగేసి మెదడు మీద రక్తం చేరవచ్చు. పైకి పోతే నీరు కదలదు. అందుకని ఎత్తుకునే ముందు నర్సును పిలిచి గొట్టం మీది క్లాంప్ (బిగింపు) మూయించండి. పాపను తిరిగి పడుకోబెట్టి, ఎత్తు సరిచేశాక క్లాంప్ తెరవడం మరవొద్దు. ఇక్కడ మతిమరుపు వల్ల జరిగే ప్రమాదాలు ఎక్కువ. గంట గంటకు ఎన్ని మి.లీ. వచ్చిందో రాస్తున్నారో లేదో చూడండి. హఠాత్తుగా ఆగినా, రెట్టింపైనా, ఎర్రగా మారినా వెంటనే చెప్పండి. ఆ నీటితో పాటు ఒంట్లో ఉప్పు కూడా పోతుంది కాబట్టి పసిపిల్లలకు రక్తంలో సోడియం తరచూ చూస్తారు.

కొత్త షంట్ ఎప్పుడన్నది క్రిమిని బట్టి. బలహీనమైన చర్మపు క్రిమి అయి, నీటి పరీక్ష శుభ్రంగా ఉంటే కొద్ది రోజులకే వేయవచ్చు. స్టెఫిలోకాకస్ ఆరియస్ లాంటి మొండి క్రిమి అయితే వరసగా పది రోజులు కల్చర్‌లో (నీటిలోని క్రిములను పెంచి చూసే పరీక్షలో) ఏమీ పెరగకూడదు. కొన్ని క్రిములు మెల్లగా పెరుగుతాయి, కల్చర్‌ను పది రోజులకు పైగా ఉంచి చూడాలి. 'రిపోర్టు ఇంకా రాలేదు' అంటే ఆలస్యం చేస్తున్నారని అనుకోకండి.

ప్రశ్న: మా మనుమరాలు దొడ్డికి కూర్చున్నప్పుడు కింద నుంచి తెల్లటి సన్న పైపు కనబడింది. లేచినంక లోపలికి పోయింది. నొప్పి లేదు, జ్వరం లేదు. షంట్ వేసి ఏడాదిన్నర. (భూపాలపల్లి)

జవాబు: ఈ ఉత్తరానికి ఫోన్‌లోనే జవాబు చెప్పి దవాఖానకు పంపించాం. ఇతరులకు పనికొస్తుందని ఇక్కడ వేస్తున్నాం. షంట్ కొస పేగు గోడను మెల్లగా తొలిచి లోపలికి పోతే మలద్వారం నుంచి బయటికి వస్తుంది. చాలామందికి కడుపునొప్పి ఉండదు. గొట్టం చుట్టూ పొర కట్టుకుపోయి ఉంటుంది గనుక పేగులోది పొట్టలోకి కారదు. ప్రమాదం వేరే చోట. పేగులోని క్రిములు ఆ గొట్టం వెంట మెదడు దాకా ఎక్కుతాయి.

లాగొద్దు, కత్తిరించొద్దు. కనబడితే శుభ్రమైన గుడ్డ కప్పి న్యూరోసర్జన్ ఉన్న దవాఖానకు తీసుకుపోండి. అక్కడ పొట్ట మీదో, ఛాతీ మీదో చిన్న కోత పెట్టి గొట్టాన్ని తెంపుతారు. పేగులో ఉన్న కింది ముక్కను మలద్వారం వైపు నుంచే బయటికి లాగుతారు. మురికి కొసను చర్మం కింద నుంచి పైకి లాగితే దారంతా చీము పడుతుంది. పై ముక్కను తీసేసి, ఈవీడీ పెట్టి, నీటి పరీక్ష చేసి మందులు ఇస్తారు. పేగు రంధ్రం సాధారణంగా తనంతట తానే మూసుకుంటుంది. పొట్ట గట్టిపడి, కడుపులో చీము లక్షణాలుంటేనే పొట్ట కోసి చూస్తారు.

మగపిల్లల్లో గొట్టం వృషణాల సంచిలోకి దిగి అక్కడ నీటి వాపు రావచ్చు. పుట్టుకతో ఉన్న దారి మూసుకోకపోవడమే దానికి కారణం. గొట్టాన్ని పొట్టలోకి తెచ్చి, ఆ దారి కుట్టేస్తే సరిపోతుంది.

ప్రశ్న: మా చెల్లెకు పద్నాలుగేండ్లు, చిన్నప్పటి షంట్ ఉంది. నెల నుంచి పొట్ట పెరుగుతున్నది, తలనొప్పి. అల్ట్రాసౌండ్‌లో పొట్టలో నీటి సంచి ఉందన్నారు. తలకూ పొట్టకూ సంబంధం ఏంది? (మంచిర్యాల)

జవాబు: సంబంధం ఆ పైపే. గొట్టం కొస చుట్టూ పొట్ట పొరలు అతుక్కుని గూడు కట్టాయి. తల నుంచి వచ్చిన నీరు పొట్టంతా పరుచుకుని ఇంకిపోవాల్సింది పోయి ఆ గూట్లోనే నిండుతోంది. నిండాక వెనక్కి తన్ని తలలో ఒత్తిడి పెరుగుతుంది.

ఇలాంటి గూడు వెనక చాలాసార్లు చీము ఉంటుంది. జ్వరం లేకపోయినా, కాదని తేలేదాకా చీము ఉన్నట్టే చూడాలి. సంచిలో నీటిని సూదితో తీసి ఊరుకుంటే మళ్లీ నిండుతుంది. ఛాతీ మీద కోత పెట్టి, పొట్టలోని గొట్టాన్ని బయటికి తీసి, ఒంటి బయట పెట్టే సంచికి కలుపుతారు. ఆ నీటిని కల్చర్‌కు పంపుతారు. గూటి నీరు దారి దొరికి పోతుంది, లేదా కొద్ది రోజుల్లో ఇంకిపోతుంది. చీము ఉంటే షంట్ మొత్తం తీయాల్సిందే. లేకపోతే పొట్టలోనే మరో వైపు కొత్త గొట్టం వేయవచ్చు. పొట్టంతా అతుక్కుపోయి ఉంటే మెడ నరం ద్వారా గుండె పైగది దాకానో, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే ఖాళీలోకో దారి మారుస్తారు. మా అభిప్రాయంలో పొట్ట పనికివచ్చినంత కాలం పొట్టే మేలు. గుండె షంట్‌లో చీము పడితే రక్తమంతా పాకుతుంది, మూత్రపిండాలూ దెబ్బతినవచ్చు.

ప్రశ్న: బాపుకు అరవై ఏడు. నడక తడబాటు, మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపుతో షంట్ వేశారు. నడక బాగైంది. కానీ కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే తగ్గుతుంది. స్కాన్‌లో రెండు పక్కలా పలుచగా నీరు ఉందట. వాల్వు 'సెట్టింగ్ మారుస్తాం' అన్నారు. (హన్మకొండ)

జవాబు: షంట్ అవసరానికి మించి లాగుతోంది. నిలబడినప్పుడు తల నుంచి పొట్ట దాకా నీటి స్తంభం బరువు కిందికి లాగుతుంది, ట్యాంకులోంచి పైపుతో నీళ్లు దిగినట్టే. మెదడు కొద్దిగా కుంగి, పుర్రెకూ మెదడుకూ మధ్య నీరు చేరుతుంది. అక్కడి సన్న నరాలు సాగి తెగితే రక్తం కూడా చేరుతుంది.

మీ బాపుకు వేసింది బయటి నుంచి ఒత్తిడి మార్చగల వాల్వు. ఒక రకంలో 30 నుంచి 200 మి.మీ. నీటి ఒత్తిడి దాకా పదేసి చొప్పున 18 మెట్లుంటాయి. చర్మం మీద అయస్కాంత పరికరం పెట్టి మెట్టు పెంచుతారు. కోత అక్కర్లేదు. తర్వాత కొన్ని వారాలకు స్కాన్‌లో ఆ పొర తగ్గిందో చూడాలి. పొర మందంగా ఉండి మెదడును నొక్కుతుంటే మాత్రం పుర్రెకు చిన్న రంధ్రం చేసి తీయాల్సి వస్తుంది. స్థిర ఒత్తిడి వాల్వు ఉన్నవాళ్లకైతే ఎక్కువ ఒత్తిడిదో, నిలబడినప్పుడు లాగుడును ఆపే పరికరమున్నదో మార్చి వేస్తారు.

ఆయన గుండె కోసం రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ఈ రోజే డాక్టరుకు చెప్పండి. సొంతంగా ఆపొద్దు. ఎంఆర్ఐ తీయించిన ప్రతిసారీ అదే రోజు వాల్వు మెట్టు సరిచూపించండి, కొన్ని వాల్వుల్లో ఎంఆర్ఐ అయస్కాంతం దాన్ని కదిలిస్తుంది. స్పీకర్లు, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్లు నెత్తికి జానెడు దూరంలో ఉంచితే చాలు. పడిపోతే, కొత్తగా మగత వస్తే ఆలస్యం చేయొద్దు.

ప్రశ్న: చెవి వెనక బుడిపెను రోజూ పొద్దున ఇరవై సార్లు నొక్కాలని ఊళ్లో ఒకరు చెప్పిండ్రు. నొక్కాలా? (మహబూబాబాద్)

జవాబు: ఆ బుడిపె చర్మం కింద ఉన్న వాల్వు భాగమే. మీ సర్జన్ చెప్పకపోతే నొక్కొద్దు. నొక్కితే పైకి లేచింది కాబట్టి షంట్ బాగుందని నమ్మడం అంతకంటే ప్రమాదం. మూసుకుపోయిన షంట్లలో చాలావాటికి బుడిపె మామూలుగానే పనిచేసినట్టు ఉంటుంది. పిల్లవాడు మగతగా ఉంటే బుడిపెను కాదు, పిల్లవాడిని నమ్మండి.

ప్రశ్న: మాటిమాటికీ పైపు మార్చే బదులు దూర్బీన్‌తో తలలోనే రంధ్రం చేస్తే షంట్ అక్కర్లేదంటున్నారు. మా బాబుకు చేయించవచ్చా? (కరీంనగర్)

జవాబు: కొందరికి చేయవచ్చు. ఎండోస్కోపును (మీరన్న దూర్బీన్) మెదడులోని మూడో గది దాకా దింపి, దాని అడుగున సన్న రంధ్రం చేసి బెలూన్‌తో వెడల్పు చేస్తారు. నీరు సహజంగా ఇంకే చోటికి దారి దొరుకుతుంది. ఆ రంధ్రం కిందే మెదడుకు వెళ్లే పెద్ద ధమని ఉంటుంది కాబట్టి అనుభవమున్న చేతులు కావాలి. మూడో గది, నాలుగో గది మధ్య సన్నని దారి మూసుకున్న పిల్లలకు, అదీ ఏడాది దాటినవాళ్లకు బాగా పనిచేస్తుంది. ఆరు నెలల లోపు పసికందులకు, మెదడు పొరల జ్వరం వచ్చిన పిల్లలకు విఫలమయ్యే అవకాశం ఎక్కువ. షంట్ మూసుకుపోయిన సమయమే దీని గురించి అడగడానికి సరైన సమయం, గదులు ఉబ్బి ఉండి ఎండోస్కోపుకు చోటు దొరుకుతుంది. రంధ్రం ఏళ్ల తర్వాత కూడా హఠాత్తుగా మూసుకోవచ్చు. షంట్ లేదు కదా అని వాంతులు, మగతను తేలిగ్గా తీసుకోవద్దు.

ప్రశ్న: పాపకు షంట్ వేసి నెలన్నర. వేములవాడల పుట్టువెంట్రుకలు తీయిస్తమని మొక్కుకున్నం. తీయించొచ్చా? (సిరిసిల్ల)

జవాబు: మొక్కు తీర్చుకోండి, ఇప్పుడే కాదు. పసిపిల్లల నెత్తి చర్మం పలుచన. వాల్వు మీద ఇంకా పలుచన. మంగలి కత్తి అక్కడ చిన్న గాటు పెట్టినా క్రిములు నేరుగా పైపు మీదికి పోతాయి. చర్మం ఒరిసిపోయి వాల్వు బయటపడితే షంట్ మొత్తం తీయాల్సి వస్తుంది. కోతలు పూర్తిగా మాని, సర్జన్ చూసి సరేనన్నాక వెళ్లండి. అప్పుడు కూడా వాల్వు ఉన్న వైపు కత్తి పెట్టనీయకుండా కత్తెరతో దగ్గరికి కత్తిరించమనండి. వాల్వు ఉన్న చోట ముందుగానే చర్మం మీద పెన్నుతో గుండ్రంగా గీసి, తలనీలాలు తీసే ఆయనకు చూపించండి. పాపను పడుకోబెట్టేటప్పుడు కూడా ఎప్పుడూ ఆ వైపే ఒరిగి ఉండకుండా తిప్పుతుండండి.